మంజీర వంపులో భూమిని కొలిచిన లాంబ్టన్

యాసంగి వరి కోతలు అయిపోయి పొలాలు ఖాళీ అయ్యాయంటే మా బాన్సువాడ చుట్టుపక్కల గెట్టు పంచాయితీలు మొదలవుతాయి. నిజాంసాగర్ కాలువ కింద జానెడు నేల కోసం అన్నదమ్ములు మాటలు మానుకోవడం మేము చూశాం. సర్వేయర్ వచ్చి గొలుసు పరుస్తాడు. ఇటు ఒకరు, అటు ఒకరు ఊపిరి బిగబట్టి నిలబడతారు. గొలుసు వాలుగా పడిందని ఒకరంటారు, హద్దురాయి జరిగిందని మరొకరంటారు. సాయంత్రానికి ఎవరో ఒకరు కోపంతో ఇంటికి వెళ్తారు.

అలాంటి ఒక పంచాయితీ నుంచి తిరిగి వచ్చిన రోజున ఒక పాత మనిషి మాకు గుర్తుకొచ్చాడు. రెండు వందల ఏళ్ల క్రితం ఆయన ఒక ఉక్కు గొలుసు, అర టన్ను బరువున్న ఒక యంత్రం వెంటబెట్టుకుని దక్షిణ భారతమంతా నడిచాడు. దేశానికి సరైన పటం లేని కాలంలో మన మంజీర వంపు మీదుగా కొలతలు తీసుకుంటూ వెళ్లాడు. ఏడు మైళ్ల కొలతలో నాలుగు అంగుళాల తేడా వచ్చినా, అది ఎక్కడ వచ్చిందో తెలుసుకోవాలనుకునే మనిషి ఆయన. పేరు విలియం లాంబ్టన్. ఆయన శిష్యుడి పేరు బడిపిల్లలందరికీ తెలుసు. గురువు పేరు మాత్రం చాలామంది విని ఉండరు. అందుకే ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం.

లాంబ్టన్ 1750ల నడిమధ్యలో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, నార్తలర్టన్ పట్టణం దగ్గర ఒక సామాన్య కుటుంబంలో పుట్టాడు. ఆస్తి లేదు, పలుకుబడి ఉన్న బంధువులు లేరు. ఉన్నదల్లా లెక్కల మీద ప్రేమ. నార్తలర్టన్ బడిలో ఆ లెక్కలే ఆయనకు అన్నం పెట్టే విద్య అయ్యాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముగింపుకు వస్తున్న 1781లో సైన్యంలో చిన్న అధికారిగా చేరి, అట్లాంటిక్ సముద్రం దాటాడు.

యుద్ధంలో బ్రిటన్ ఓడిపోయింది. రాజు పక్షాన నిలిచిన వేలాది కుటుంబాలు కొత్త అమెరికాలో ఉండలేక ఉత్తరాన ఇప్పటి కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ అడవులకు తరలివచ్చాయి. ఆ అడవులను అప్పటికి ఎవరూ సరిగా కొలవలేదు. ఏ నది ఎటు పోతుందో, ఏ గుట్ట ఏ దేశానిదో రాసి ఉన్న కాగితం లేదు. వలస వచ్చినవాళ్లకు భూములు పంచాలి, కొత్త దేశానికీ కెనడాకూ మధ్య సరిహద్దు తేల్చాలి. ఆ పనికి గొలుసు పట్టుకుని అడవిలోకి వెళ్లినవాళ్లలో లాంబ్టన్ ఒకడు. మంచు, దోమలు, దారిలేని చెట్ల మధ్య ఆయన నేర్చుకున్న పాఠం ఒక్కటే. తప్పుగా గీసిన గీత మీద ఇల్లు కట్టుకున్నవాడు ఒకనాడు పొరుగువాడితో కొట్లాడక తప్పదు.

ఆ రోజుల్లోనే మరో సంగతి జరిగింది. సూర్యగ్రహణాన్ని పరికరంలో గమనిస్తూ ఆయన ఒక కంటిచూపు పోగొట్టుకున్నాడు. చూపుతోనే బతకాల్సిన వృత్తిలో ఉన్నవాడికి ఒక కన్ను పోవడమంటే మామూలు దెబ్బ కాదు. ఆయన ఆ తర్వాత చేసిన ఘనకార్యమంతా మిగిలిన ఆ ఒక్క కంటితో చేసిందే.

సర్వే పని అయ్యాక అక్కడే సైనికుల బసలు చూసుకునే ఉద్యోగం దొరికింది. పదమూడేళ్లు ఆ మూల పట్టణంలో గడిచిపోయాయి. పగలు ఉద్యోగం, రాత్రి గణిత గ్రంథాలు. భూమి ఆకారం గురించి యూరప్‌లో జరుగుతున్న వాదాలన్నీ ఒంటరిగా చదువుకున్నాడు. చివరికి ఉద్యోగమో సైన్యమో ఏదో ఒకటి తేల్చుకోమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నిలకడైన జీతాన్ని వదులుకుని, నలభై దాటిన వయసులో, తనకంటే చిన్నవాళ్లు పై అధికారులుగా ఉన్న తన పాత 33వ దళంలో తిరిగి చేరాడు. లోకం దృష్టిలో అది వెనకబడిపోయిన మనిషి జీవితం.

ఆ దళానికి అధిపతి ఆర్థర్ వెల్లెస్లీ, తర్వాతి కాలంలో వెల్లింగ్టన్ డ్యూక్ అయినవాడు. ఆయనతోపాటు లాంబ్టన్ ఇండియాకు వచ్చాడు. 1799లో టిప్పు సుల్తాన్ మీద జరిగిన శ్రీరంగపట్నం యుద్ధంలో ఒక రాత్రి జనరల్ బెయర్డ్ నడిపిస్తున్న దళం దారి తప్పింది. లాంబ్టన్ ఆకాశంలో నక్షత్రాలను చూసి, తాము నేరుగా శత్రు శిబిరం వైపు నడుస్తున్నామని హెచ్చరించాడు. దిక్సూచి తీసి చూస్తే ఆయన మాటే నిజమని తేలింది. నెమ్మదిగా ఉండే ఈ మనిషి లెక్కలకు విలువ ఉందని అధికారులు అప్పుడు గుర్తించారు.

యుద్ధం ముగియగానే లాంబ్టన్ ఒక ప్రతిపాదన పెట్టాడు. తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా, ఆపైన దక్షిణం నుంచి ఉత్తరానికి, త్రిభుజాలు అల్లుకుంటూ దేశాన్ని కొలుద్దామన్నాడు. దాంతో పటం సరిదిద్దుకోవచ్చు, భూగోళం ఎంత వంపు తిరిగి ఉందో కూడా తెలుసుకోవచ్చు. కొలతలో పెద్ద పేరున్న జేమ్స్ రెన్నెల్ లాంటివారే ఇంత ఖర్చు అక్కర్లేదన్నారు. వెల్లెస్లీ అండ ఉండబట్టి అనుమతి దొరికింది.

ఆ పద్ధతి ఏమిటో సులువుగా చెప్పుకుందాం. చదునైన నేల మీద ఒక గీతను ఎంతో జాగ్రత్తగా కొలవాలి. ఆ గీత రెండు కొనల నుంచి దూరంగా ఉన్న ఒక గుట్ట మీది జెండాను చూసి కోణాలు తీయాలి. ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే త్రిభుజంలోని మిగతా రెండు భుజాలూ లెక్కతో వచ్చేస్తాయి. ఆ భుజాల మీద మరో త్రిభుజం, దాని మీద ఇంకొకటి. అలా గొలుసు కొక్కేల్లా సాగిపోతుంది. మొదటి గీతలో తప్పు ఉంటే మాత్రం ఆ తప్పు దేశమంతా పాకుతుంది.

అందుకే మొదటి గీత దగ్గర లాంబ్టన్ చూపిన ఓర్పు మనం తెలుసుకోవాలి. మద్రాసు దగ్గరి సెయింట్ థామస్ మౌంట్ పక్కన 1802 ఏప్రిల్ 10న ఆ కొలత మొదలైంది. వాడిన వంద అడుగుల ఉక్కు గొలుసుకు ఒక కథ ఉంది. బ్రిటిష్ రాయబారులు దాన్ని చైనా చక్రవర్తికి కానుకగా తీసుకెళ్తే ఆయన వద్దన్నాడు. అది చివరికి కలకత్తా చేరి, అక్కడి నుంచి లాంబ్టన్ చేతికి వచ్చింది. ఎండకు ఉక్కు సాగుతుంది, చలికి కుంచించుకుపోతుంది. కాబట్టి గొలుసును నేల మీద వేయలేదు. ముక్కాలి పీటల మీద ఇరవై అడుగుల చెక్క పెట్టెలు ఐదు వరుసగా నిలిపి వాటిలో పరిచారు. పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, వేడిని బట్టి లెక్క సవరించారు. అలా నాలుగు వందల సార్లు. ఏడున్నర మైళ్ల నేల కొలవడానికి 57 రోజులు పట్టింది. మద్రాసు ఏప్రిల్, మే ఎండలు ఎలా ఉంటాయో చెప్పనవసరం లేదు.

కోణాలు తీయడానికి లండన్‌లో విలియం కేరీ తయారుచేసిన పెద్ద థియోడొలైట్ తెప్పించారు. దాని బరువు అర టన్ను. దాన్ని తెస్తున్న ఓడను దారిలో ఫ్రెంచివారు పట్టుకుని మారిషస్‌కు తీసుకుపోయారు. అది విజ్ఞానానికి పనికొచ్చే పరికరమని తెలిశాక అక్కడి ఫ్రెంచి గవర్నర్ దాన్ని మర్యాదగా మద్రాసుకు పంపించాడు. రెండు దేశాల మధ్య యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఆ పెద్దమనిషి చేసిన పని ఇది.

త్రిభుజాల గొలుసు పడమటికి సాగి బెంగళూరు చేరింది. అక్కడ మద్రాసు నుంచి లెక్కగట్టిన దూరాన్ని సరిచూసుకోవడానికి 1804లో మళ్లీ నేల మీద ఒక గీత కొలిచారు. సుమారు ఏడు మైళ్ల గీతలో లెక్కకూ కొలతకూ తేడా నాలుగు అంగుళాల లోపే వచ్చింది. ఆ కొలతల ఫలితంగా, మద్రాసు నుంచి మంగళూరు దాకా ద్వీపకల్పం వెడల్పు అప్పటిదాకా అనుకున్న 400 మైళ్లు కాదని, 360 మైళ్లేనని తేలింది. కాగితం మీద ఉన్న నలభై మైళ్ల దేశం ఒక్కసారిగా మాయమైంది.

తర్వాత దక్షిణానికి తిరిగారు. 1808లో తంజావూరు పెద్ద గుడి గోపురం మీదికి థియోడొలైట్‌ను తాళ్లతో లాగుతుండగా తాడు తెగింది. యంత్రం గోడకు కొట్టుకుని, కోణాలు చూపే వలయమే వంకరపోయింది. మరొకడైతే కూలీల మీద విరుచుకుపడి, పని ఆపి, లండన్‌కు ఉత్తరం రాసేవాడు. లాంబ్టన్ తన గుడారంలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడు. ఆరు వారాల పాటు ఆ యంత్రాన్ని విడదీసి, వంగిన వలయాన్ని చెక్కమేకులతో కొద్దికొద్దిగా లాగుతూ, కొడుతూ, మళ్లీ గుండ్రంగా నిలబెట్టాడు. ఆ యంత్రంతోనే మిగతా దేశమంతా కొలిచాడు.

అక్కడి నుంచి కొలత ఉత్తరానికి, మన తెలుగు నేల మీదికి వచ్చింది. 1811లో గుత్తి దగ్గర ఒక ఆధార గీత. అక్కడి నుంచి తుంగభద్ర, కృష్ణ నదులు దాటి నిజాం రాజ్యంలోకి ప్రవేశించింది. 1815లో బీదర్ సమీపంలోని దామర్‌గిద్ద దగ్గర మరో ఆధార గీత కొలిచారు. కన్యాకుమారి దాపు నుంచి దామర్‌గిద్ద వరకు దాదాపు పది డిగ్రీల పొడవున భూమి వంపు లెక్కకు వచ్చింది. ఇదే తర్వాత మహా రేఖాంశ చాపంగా పేరు పొందింది.

ఆ చాపానికి మన ఊరు ఎంత దగ్గరో గమనించండి. అది 78వ తూర్పు రేఖాంశాన్ని అంటిపెట్టుకుని నడిచింది. ఆ రేఖాంశం బాన్సువాడకు తూర్పున సుమారు పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. దామర్‌గిద్ద మనకు నైరుతి దిక్కున, ఒక పూట ప్రయాణం. మంజీర బీదర్ దాటి, ఆగ్నేయంగా పోయి, మళ్లీ ఉత్తరానికి మళ్లి మన పక్క నుంచి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది కదా, ఆ పెద్ద వంపు లోపలి గుట్టల మీదుగానే ఆ త్రిభుజాలు ఉత్తరానికి పాకాయి. అప్పటికి నిజాంసాగర్ లేదు, కాలువలు లేవు. మెట్ట నేలలు, గుట్టలు, ముళ్ల పొదలు, అడవి. ఒక గుట్ట మీద జెండా, ఇరవై ముప్పై మైళ్ల అవతల మరో గుట్ట మీద ఇంకో జెండా.

ఈ పని ఎండాకాలంలో సాగేది కాదు. దుమ్ము, ఆవిరి కమ్ముకుని దూరపు జెండా కనబడదు. వానలు పడి గాలి కడిగినట్టు తేటబడ్డాకే చూపు సాగుతుంది. కానీ వానాకాలమంటేనే అడవి జ్వరాల కాలం. చూపు తేటగా ఉన్నప్పుడే ప్రాణాలకు ముప్పు. 1818 చివరలో లాంబ్టన్‌కు సహాయకుడిగా జార్జ్ ఎవరెస్ట్ అనే యువ అధికారి హైదరాబాద్ వచ్చి చేరాడు. మరుసటి ఏడు గురువు ఆయన్ను హైదరాబాద్‌కు తూర్పున, కృష్ణా గోదావరుల నడుమ ఉన్న అడవుల్లోకి పంపాడు. అక్కడ జ్వరం దళాన్నంతటినీ కొట్టింది. నూటయాభై మంది దాకా మంచానపడ్డారు. లాంబ్టన్ హైదరాబాద్ నుంచి ఏనుగులు, పల్లకీలు పంపించి వాళ్లను మోయించుకొచ్చాడు. పదిహేను మంది దారిలోనే చనిపోయారు. ఎవరెస్ట్ కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసకు వెళ్లాల్సివచ్చింది.

ఆ పదిహేను మంది ఎవరు? ఏ ఊరివాళ్లు? ఏ తల్లి బిడ్డలు? పుస్తకాల్లో వారి పేర్లు లేవు. గుట్ట మీద రోజుల తరబడి జెండా పట్టుకుని నిలబడ్డవాళ్లు, గొలుసు మోసినవాళ్లు, పొదలు నరికి దారి చేసినవాళ్లు, నీళ్లు తెచ్చినవాళ్లు. ఈ మహా కార్యం నిలబడింది వారి భుజాల మీదే. లాంబ్టన్ గురించి రాస్తూ వారిని మరచిపోతే మేము సగం కథే చెప్పినట్టు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. ఆ కొలత కేవలం జ్ఞానం కోసం జరిగింది కాదు. దాని ఖర్చు భరించినది కంపెనీ ప్రభుత్వం. సరైన పటం ఉంటే సైన్యం నడిపించడం సులువు, పన్ను వసూలు సులువు. గుట్టల మీద దుర్భిణి పెట్టిన పరదేశులను చూసి మన ఊళ్లవాళ్లు అనుమానించారంటే అందులో తప్పేమీ లేదు. లాంబ్టన్ మనసు భూమి ఆకారం మీదే ఉన్నా, ఆయన గీసిన గీతల మీద పాలకులు తమ లెక్కలు తాము వేసుకున్నారు. మంచి పనివాడి చేతిపని ఎవరికి ఉపయోగపడుతుందో అన్నివేళలా అతని చేతుల్లో ఉండదు. ఈ చిక్కు ఆయన జీవితంలో ఉంది, మన జీవితాల్లోనూ ఉంది.

మనిషిగా ఆయన నెమ్మదస్థుడు. మద్రాసు సర్వే బడిలో చదివిన అనాథ పిల్లలను, తండ్రి యూరోపియన్, తల్లి ఈ దేశస్థురాలు కావడంతో ఇరువైపులా చిన్నచూపుకు గురైన కుర్రాళ్లను చేరదీసి పని నేర్పాడు. వారిలో జాషువా డి పెనింగ్ అనే అతను ఆయన కుడిభుజమయ్యాడు. తర్వాతి కాలంలో కలకత్తాలోని గణన కార్యాలయానికి పెద్ద అయ్యాడు. లాంబ్టన్ స్వదేశానికి తిరిగి వెళ్లలేదు. ఇక్కడి స్త్రీలతోనే ఆయనకు సంసారం, సంతానం. ఇరవై ఏళ్లకు పైగా గుడారమే ఇల్లు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. ఫ్రెంచి అకాడెమీ ఆయన్ను తన సభ్యుల జాబితాలో చేర్చుకుంది. 1817లో లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వం ఇచ్చింది. 1818లో ఆయన పనికి భారత మహా త్రికోణమితి సర్వే అనే పేరు పెట్టి గవర్నర్ జనరల్ కిందికి తెచ్చారు. అప్పటికి ఆయనకు అరవై దాటింది. మామూలుగా నీరసించి కనబడే ఆ ముసలాయన, యంత్రం దగ్గర నిలబడి కన్ను ఆనించగానే యువకుడిలా మారిపోయేవాడని ఎవరెస్ట్ తర్వాత గుర్తుచేసుకున్నాడు.

డెబ్బై దగ్గరపడ్డాక, దగ్గుతో బాధపడుతూనే, తన మకాం నాగపూర్‌కు మార్చాలని హైదరాబాద్ నుంచి బయలుదేరాడు. అంత దూరం పోలేకపోయాడు. 1823 జనవరి 20న నాగపూర్‌కు యాభై మైళ్ల దక్షిణాన హింగన్‌ఘాట్‌లో, దారిలోనే కన్నుమూశాడు. అప్పటికి ఆయన త్రిభుజాలు కప్పిన నేల 1,65,342 చదరపు మైళ్లు. ఆయన సమాధి ఆ ఊళ్లోనే ఉంది. కామారెడ్డి నుంచి నాగపూర్ పోయే జాతీయ రహదారి హింగన్‌ఘాట్ మీదుగానే పోతుంది. మనలో ఎంతోమంది ఆ దారిన వెళ్లి ఉంటాం, ఆగి ఉండం.

మిగిలిన పని శిష్యుడు ఎవరెస్ట్ అందుకున్నాడు. 1841 నాటికి చాపాన్ని హిమాలయాల పాదాల దాకా చేర్చాడు. ఆ కొలతల ఆధారంగానే, డి పెనింగ్ నడిపిన కార్యాలయంలో లెక్కలు నేర్చిన రాధానాథ్ సిక్దార్ అనే బెంగాలీ గణితజ్ఞుడు 15వ నంబరు శిఖరం లోకంలోకెల్లా ఎత్తైనదని 1852లో తేల్చాడు. 1865లో ఆ శిఖరానికి ఎవరెస్ట్ పేరు స్థిరపడింది. సిక్దార్ పేరు పెట్టలేదు. మొదటి గీత గీసిన లాంబ్టన్ పేరు తలచుకున్నవాళ్లే తక్కువ.

దీన్ని అన్యాయమని మేము ఊరికే బాధపడటం లేదు. లాంబ్టన్‌కు శిఖరం కావాలని ఉన్నట్టు ఆయన జీవితంలో ఎక్కడా కనబడదు. ఆయనకు కావలసింది గీత సరిగా ఉండటం. ఒక కన్ను పోయినా, పదమూడేళ్లు మూలన పడి ఉన్నా, యంత్రం వంకరపోయినా, ఆయన మళ్లీ మొదటి గీత దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. తను గీసిన గీత మీద రేపు మరొకడు ఆధారపడతాడని ఆయనకు తెలుసు. ఆ మరొకడెవరో ఆయనకు తెలియనక్కర్లేదు.

మన ఇళ్లలో, సంఘాల్లో, ఆఫీసుల్లో ఇలాంటి మొదటి గీతలు గీసేవాళ్లు ఉన్నారు. బడిలో అక్షరాలు దిద్దించే పంతులమ్మ, సంఘం పద్దులు పైసాతో సహా రాసిపెట్టే ముసలి కోశాధికారి, రికార్డులో సర్వే నంబర్ తప్పు పడకుండా రెండుసార్లు చూసుకునే గుమస్తా. శిఖరాలకు వారి పేర్లు పెట్టరు. వారు అశ్రద్ధ చేస్తే మాత్రం దాని ఫలితం ఎవరో ఒకరు, ఎక్కడో ఒక గెట్టు మీద, కొట్లాడుకుని అనుభవిస్తారు.

మేము మొదట చెప్పిన పంచాయితీ ఇంకా తెగలేదు. వచ్చే వారం సర్వేయర్ మళ్లీ వస్తాడట. అన్నదమ్ములిద్దరికీ మేము ఒక్క మాట చెప్పాలనుకుంటున్నాం. ఈసారి గొలుసు ఒక కొన అన్న పట్టుకోవాలి, రెండో కొన తమ్ముడు పట్టుకోవాలి. అది ఎక్కడ ఆగితే అక్కడ ఇద్దరూ కలిసి రాయి పాతాలి.